కడుపుతో ఉన్నప్పుడు షుగర్: దిగులుకూ అందులో పాలున్నది

కడుపుతో ఉన్న స్త్రీకి షుగర్ ఉన్నదని ఆసుపత్రిలో చెప్పగానే ఇంట్లో మొదట వచ్చే మాట "తీపి ఎక్కువ తిన్నది" అని. ఆ మాట సరికాదు. మిఠాయి ముట్టని కూలి మనిషికీ ఇది వస్తుంది.

మన ఒంట్లో ఇన్సులిన్ చేసే పని చెరువు కింద నీరటి చేసే పని వంటిది. తిన్న తిండిలోని చక్కెర నెత్తుటిలో చేరుతుంది. తూము తెరిచి దానిని కండరాలకు పారించేది ఇన్సులిన్. గర్భం ఐదారు నెలలకు వచ్చేసరికి మాయలో తయారయ్యే హార్మోనులు, బిడ్డకు తిండి తగ్గకుండా ఉండేందుకు, ఆ తూమును కొంత బిగిస్తాయి. అప్పుడు ఇన్సులిన్ ఎక్కువ కావాలి. చాలామందికి క్లోమం ఎక్కువ పనిచేసి సరిపెడుతుంది. సరిపెట్టలేనివారికి చక్కెర నెత్తుటిలోనే నిలిచిపోతుంది.

దిగులు సంగతి ఇక్కడే వస్తుంది. భయం, ఆందోళన కలిగితే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు పెరుగుతాయి. ఇవి కాలేయంలో దాచి ఉన్న చక్కెరను నెత్తుటిలోకి వదిలిస్తాయి. ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనీయవు. ఒకవైపు తూము బిగుసుకున్నది, మరోవైపు చెరువులోకి వరద! పామును చూసి పరుగెత్తే క్షణంలో ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. నెలల తరబడి అదే తీరయితే చేటు. దిగులొక్కటే షుగర్ తెస్తుందని చెప్పలేము. వయసు, బరువు, వంశంలో షుగర్ ఉండటం, ఇవన్నీ ఉన్నాయి. కాని కట్టదాకా నిండిన చెరువు అలుగు దుంకడానికి ఆ కొంచెం నీరే చాలు.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో దిగులుకు కరువు లేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని భర్త బొంబాయి పోతాడు. బోరు ఎండుతుంది, మిత్తి పెరుగుతుంది. మొదటి ఇద్దరూ ఆడపిల్లలైతే మూడో కాన్పుదాకా అత్తింటి మాటలు వేరే. అటువంటి మనిషిని "రంది పెట్టుకోకు" అంటే రంది పోదు. నీళ్ల బిందె ఇంకొకరు మోస్తే, రాత్రి నిండా పడుకోనిస్తే, దూరాన ఉన్న భర్త రోజూ ఫోను చేస్తే కొంత పోతుంది.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 2018 నాటి మార్గదర్శకాలలో పెట్టింది. పరగడుపున రానవసరం లేదు. పొద్దున్నే తండా నుంచి బస్సెక్కి వచ్చేవారికి ఇది పెద్ద మేలు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిస్తారు. రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. 140 గాని ఆపైన గాని ఉంటే షుగర్ ఉన్నట్లే. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయించాలి. మొదట బాగున్నదని రెండోది మానరాదు. తూము బిగిసేది అప్పుడే.

వదిలేస్తే బిడ్డ మరీ బరువెక్కి కాన్పు కష్టమవుతుంది. పుట్టిన బిడ్డకు చక్కెర పడిపోవచ్చు. అలాగని భయపడి తిండి మానేయడం మరో తప్పు. పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచాలి. రెండు వారాల్లో అదుపులోకి రాకపోతే మందు గాని ఇన్సులిన్ గాని ఇస్తారు. ఆ సూదివల్ల కడుపులో బిడ్డకు హాని లేదు.

కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. అప్పటికి బాలింత తల్లిగారింట్లో ఉంటుంది. కాగితాలన్నీ అత్తగారింట్లోనే ఉండిపోతాయి. పంపేటప్పుడే అవి ఆమె సంచిలో పెట్టాలి.