అక్వేరియం చేపలతో దూర ప్రయాణం: అసలు ముప్పు కుదుపులు కాదు, అమ్మోనియా

బడులకు వేసవి సెలవులిచ్చే రోజులే చాలా కుటుంబాలు ఊరు మారే రోజులు కూడా. ఉద్యోగ బదిలీ మీద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లేవారి బీరువా, ఫ్రిజ్, మంచాల సంగతి ప్యాకర్స్ వాళ్లు చూసుకుంటారు. హాల్లోని అక్వేరియం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తారు. ఇక మిగిలేవి రెండు దారులు: చేపలను ఎవరికైనా ఇచ్చేయడం, లేదా కారులో వెంట తీసుకెళ్లడం.

కర్నూలు, అనంతపురం మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై ఈ దూరం సుమారు 570 కిలోమీటర్లు. ఆగుతూ వెళితే పది గంటలు పడుతుంది. సరైన ఏర్పాట్లు చేస్తే గోల్డ్ ఫిష్, గప్పీ, ఏంజెల్ వంటి చేపలు ఈ ప్రయాణాన్ని తట్టుకుంటాయి. కొల్లేరు చుట్టుపక్కల హేచరీల నుంచి చేప పిల్లలను ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో దూరప్రాంతాలకు పంపడం కొత్తేమీ కాదు. వాళ్లు పాటించే పద్ధతే ఇంట్లో పెంచే చేపలకూ పనికొస్తుంది.

సంచి లోపల ఏం జరుగుతుంది?

చేప నీటిలోని ఆక్సిజన్ పీల్చుకుని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. దాంతోపాటు అమ్మోనియాను కూడా విసర్జిస్తుంది. ఇందులో ఎక్కువ భాగం మొప్పల నుంచే బయటికి వస్తుంది. ఇంట్లో ఉన్నప్పుడు ఫిల్టర్‌లో స్థిరపడిన బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆ తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. సంచిలో ఆ సాయం ఉండదు. గంటలు గడిచేకొద్దీ అమ్మోనియా పేరుకుపోతుంది.

అయితే మూసిన సంచిలో ఒక సహజ రక్షణ ఉంది. కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ తగ్గుతుంది. పీహెచ్ తగ్గినప్పుడు అమ్మోనియాలో అధికభాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద పీహెచ్ 7 ఉంటే విష రూపం వాటా దాదాపు 0.6 శాతం. అదే పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. దారిలో దాబా దగ్గర ఆగినప్పుడు చేపలకు కాస్త గాలి తగలనిద్దామని సంచి విప్పుతారు. విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న అమ్మోనియా విషంగా మారుతుంది. నింపిన ఆక్సిజన్ కూడా పోతుంది. అందుకే గమ్యం చేరేదాకా సంచి ముడి విప్పకూడదు.

ముందురోజు పస్తు

తిన్న మేత అరిగేకొద్దీ అమ్మోనియాగా, వ్యర్థాలుగా బయటికొస్తుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ప్రయాణానికి 24 నుంచి 48 గంటల ముందు మేత ఆపేయాలి. రెండు రోజుల పస్తుతో వాటికి ప్రమాదమేమీ లేదు. చేప పిల్లలను రవాణా చేసేవారు కూడా ముందుగా వాటిని మేత లేకుండా ఉంచుతారు. దీన్నే కండిషనింగ్ అంటారు. మరీ చిన్న పిల్లలకు మాత్రం ఈ గడువు తగ్గించాలి. జబ్బుగా ఉన్న చేపలుంటే కోలుకునేదాకా ప్రయాణం పెట్టుకోకపోవడం మేలు.

సంచా, బకెట్టా?

చిన్న చేపలకు సంచే మేలు. మూడో వంతు నీరు, మిగతా రెండు వంతులు ఆక్సిజన్ ఉండాలి. చాలా అక్వేరియం దుకాణాల్లో ఆక్సిజన్ నింపి ఇస్తారు. ఒకదానిలో ఒకటిగా రెండు సంచులు వాడితే కారే భయం ఉండదు. సంచి మూలల్లో చిన్న చేపలు ఇరుక్కోకుండా వాటిని రబ్బరు బ్యాండుతో బిగించాలి. గాలిని నేరుగా పీల్చే ఫైటర్, గౌరామి చేపలకు మామూలు గాలి నింపితే చాలు. ఫైటర్లను ఒక్కోదాన్ని ఒక్కో సంచిలో ఉంచాలి.

ముళ్లున్న క్యాట్‌ఫిష్‌లు సంచిని పొడిచేస్తాయి. వాటికి, పెద్ద గోల్డ్ ఫిష్‌లకు మూత ఉన్న బకెట్, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కావాలి. సబ్బు తగలని కొత్త బకెట్ అయితే మంచిది. పంపు నడుస్తుంటే కార్బన్ డయాక్సైడ్ నిలవదు, అంటే సంచిలో ఉండే సహజ రక్షణ బకెట్‌లో ఉండదు. అందుకే పాత ట్యాంకు నీటిని క్యాన్లలో వెంట తీసుకెళ్లి, దారిలో ఒకటి రెండుసార్లు కొంత నీరు మార్చాలి.

ట్యాంకును నీటితో తరలించే ఆలోచనే వద్దు. రెండు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో దాదాపు 56 లీటర్ల నీరు పడుతుంది. అంటే గాజు, రాళ్లు కాక నీటి బరువే 56 కిలోలు. ఆ బరువు ఊగితే అతుకులు విడిపోతాయి.

ఎండతో జాగ్రత్త

లీటరు నీరు 25 డిగ్రీల వద్ద సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల వద్ద అది 7.5కి తగ్గుతుంది. వేడికి చేప అవసరం మాత్రం పెరుగుతుంది. మే నెల ఎండలో నిలిపిన కారు లోపలి వేడి 50 డిగ్రీలు దాటగలదు. కాబట్టి సంచులను మూత ఉన్న థర్మోకోల్ పెట్టెలో, కదలకుండా పాత తువ్వాళ్లు కుక్కి పెట్టాలి. లోపలి చీకటికి చేపలు కూడా నిమ్మళిస్తాయి. తెల్లవారుజామునే బయలుదేరి, పెట్టెను డిక్కీలో కాకుండా ఏసీ గాలి నేరుగా తగలని చోట సీటు కింద ఉంచితే మంచిది. భోజనానికి ఆగినప్పుడు కారును నీడలోనే నిలపాలి.

చేరాక అసలు పరీక్ష

క్షేమంగా చేరిన చేపలు మూడో రోజో, నాలుగో రోజో చనిపోతే నింద ప్రయాణం మీద పడుతుంది. తరచూ అసలు కారణం వేరే ఉంటుంది: ఇల్లు సర్దే హడావుడిలో ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా కడిగేసి ఎండబెట్టడం. దాంతో అమ్మోనియాను కరిగించే బ్యాక్టీరియా మొత్తం పోతుంది. అది మళ్లీ స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే స్పాంజిని, ఫిల్టర్‌లోని సిరామిక్ ముక్కలను కడగకుండా, పాత ట్యాంకు నీటితో తడిగా, కాస్త గాలి ఆడే డబ్బాలో తేవాలి.

కొత్త ఇంట్లో ముందు అమర్చాల్సింది ట్యాంకే. బెంగళూరులో ఒక ఇంటికి కావేరి నీరు, మరో ఇంటికి బోరు నీరు రావచ్చు. వాటి గుణం హైదరాబాద్ నీటికి భిన్నంగా ఉండొచ్చు. కొంత పాత నీరు కలిపితే ఆ తేడా తగ్గుతుంది. కుళాయి నీటికి క్లోరిన్ విరుగుడు మందు తప్పనిసరి.

సంచిని విప్పకుండా 15-20 నిమిషాలు ట్యాంకు నీటిలో తేల్చితే ఉష్ణోగ్రత సమానమవుతుంది. ఆ తర్వాత విప్పి, ఆలస్యం చేయకుండా చేపలను వలతో ట్యాంకులోకి మార్చాలి. సంచి నీటిని పారబోయాలి. ఆ రోజు లైటు, మేత రెండూ వద్దు. తర్వాత రెండు వారాలు మేత తగ్గించి, అమ్మోనియా టెస్ట్ కిట్‌తో నీటిని చూస్తూ ఉండాలి.

వెంట తీసుకెళ్లడం కుదరకపోతే?

తెలిసిన పెంపకందారులకో, దుకాణానికో ఇవ్వండి. చెరువులోనో కాలువలోనో వదలడం పుణ్యం కాదు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాల కోసం వచ్చిన సక్కర్ చేప అలా బయటపడే ఇవాళ ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో దెయ్యం చేపగా పేరు తెచ్చుకుంది. గరుకు ముళ్లతో వలలు చింపుతూ మత్స్యకారులకు తలనొప్పిగా మారింది. చేపను కొత్త చోటికి తీసుకెళ్లినా, వేరొకరికి అప్పగించినా, దాని బాధ్యత ఎవరో ఒకరి చేతిలోనే ఉండాలి.