గురి కుదిరినా తూటా ఎందుకు తగలదు?

కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (విమాన యుద్ధాల కంప్యూటర్ ఆట) కొత్తగా పట్టిన కుర్రాళ్లు సూర్యాపేటలోనైనా, మిర్యాలగూడలోనైనా మొదట అనే మాట ఒకటే: “గురి మంచిగనే పెట్టిన అన్నా, తగుల్తలేదు!”

అపోహ: శత్రు విమానం మీదే గురి పెట్టి కాల్చాలి.

వాస్తవం: అది అడ్డంగా పోతుంటే అలా కాల్చిన తూటా తగలదు. శత్రువు వేగం గంటకు 400 కిలోమీటర్లనుకోండి; అంటే సూర్యాపేట నుంచి కోదాడకు ఏడు నిమిషాలు కూడా పట్టదు. సెకనుకు 111 మీటర్లు. రెండో ప్రపంచ యుద్ధకాలపు బరువైన మెషిన్‌గన్ తూటా సెకనుకు సుమారు 850 మీటర్లు పోతుంది. 300 మీటర్లు దాటేలోపు శత్రువు దాదాపు 40 మీటర్లు జరిగిపోతాడు. స్పిట్‌ఫైర్ పొడవే 9 మీటర్లు! అంటే నాలుగు విమానాల పొడవంత ముందు, ఖాళీ ఆకాశంలోకి కాల్చాలి. దీన్నే ‘లీడ్’ అంటారు. సరిగ్గా వెనక చేరితే లీడ్ దాదాపు అక్కర్లేదు. అందుకే ఆరితేరినవాళ్లు ట్రిగ్గర్ మీద కన్నా వెనక చేరడం మీదే ఎక్కువ కష్టపడతారు.

అపోహ: దూరం నుంచే కాల్చడం మొదలుపెడితే లాభం.

వాస్తవం: రెక్కల్లోని తుపాకులు తమ తూటాలు ఒక నిర్ణీత దూరంలో కలిసేలా అమర్చి ఉంటాయి. బ్రిటిష్ వైమానిక దళం 1940లో ఆ దూరాన్ని 400 గజాల నుంచి 250కి తగ్గించుకుంది. చాలా ఆటల్లో ఈ దూరాన్ని మీరే మార్చుకోవచ్చు. దగ్గరికెళ్లి, చిన్నచిన్న విడతలుగా కాల్చండి.

అపోహ: స్టిక్ ఎంత గట్టిగా లాగితే అంత త్వరగా తిరుగుతాం.

వాస్తవం: గీత దాటితే రెక్క మీద గాలి పట్టు తప్పి విమానం స్టాల్ అవుతుంది. అంతవరకూ పోకపోయినా వేగం కరిగిపోతుంది. మలుపులో శత్రువును దాటిపోయేలా ఉంటే ముక్కు పైకెత్తి వేగాన్ని ఎత్తుగా మార్చుకుని, మళ్లీ వాలడం మేలు. రడ్డర్‌ను (తోక చుక్కానిని) మరిచి విమానం పక్కకు జారుతుంటే తూటాలూ పక్కకే పోతాయి.

అపోహ: ఇదంతా డబ్బున్నవాళ్ల ఆట.

వాస్తవం: డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌ను ఉచితంగా దింపుకోవచ్చు, సుఖోయ్-25టీ యుద్ధవిమానం దాంతోనే వస్తుంది. కాకపోతే కాస్త గట్టి కంప్యూటర్ కావాలి.

అపోహ: ఇందులో గెలిస్తే పైలట్ అయినట్టే.

వాస్తవం: కుర్చీలో కూర్చున్నవాడి మీద మలుపులో ఒంటిని నొక్కే జీ భారం పడదు, నిజమైన మలుపులో రక్తం కాళ్లలోకి దిగి కళ్లు చీకట్లు కమ్ముతాయి. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ దాకా వెళ్లాలంటే సాధారణంగా ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ), ఏఎఫ్‌క్యాట్ (వైమానిక దళ ప్రవేశ పరీక్ష) లాంటి పరీక్ష ఒకటి గట్టెక్కాలి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం లేకుండా ఎన్‌డీఏ ద్వారా పైలట్ కావడం కుదరదు. ఆ కల ఉన్నవాళ్లు గ్రూపు ఎంచుకునే ముందే ఈ సంగతి చూసుకోండి.