మారిషస్ దారులు

హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉన్న చిన్న ద్వీపం మారిషస్. దాని పొడవు దాదాపు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు. కర్నూలు నుండి నంద్యాలకు చేరేలోపే ఆ ద్వీపం ఈ కొస నుండి ఆ కొసకు ముగిసిపోతుంది. 2022లో నంద్యాల జిల్లా విడిపోక పూర్వం కర్నూలు జిల్లా విస్తీర్ణం 17,658 చదరపు కిలోమీటర్లు. అందులో ఇటువంటి ద్వీపాలు తొమ్మిది ఇమిడేవి. ఇంత చిన్నచోట తిరగడానికి వేరే తెలివి ఎందుకని అనిపించవచ్చు. కానీ విమానం దిగి, హోటల్ వారి కారులో సముద్రతీరానికి చేరి, వారం రోజులు అక్కడే గడిపి తిరిగి వచ్చే యాత్రికులే ఎక్కువ. వారు చూసినది ద్వీపపు అంచును మాత్రమే.

అక్కడ ఋతువులు మనకు వ్యతిరేకంగా వస్తాయి. మన సంక్రాంతి వారికి నడివేసవి, తుఫానుల కాలం. 2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ లూయీ వీధులు జలమయమయ్యాయి, విమానాశ్రయాన్ని మూసివేశారు. తుఫాను హెచ్చరిక తీవ్రమైతే బస్సులు కూడా నిలిచిపోతాయి. ఆగ్నేయ వ్యాపార పవనాలు మోసుకువచ్చే వాన చాలావరకు నడిమి పీఠభూమి మీదనే కురుస్తుంది. పడమటి తీరం పొడిగా ఉంటుంది. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో బ్రతికే రాయలసీమ వాసికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. క్యూర్‌పిప్ పట్టణంలో గొడుగు పట్టినవాడు గంటలోపు తీరానికి దిగి ఎండకాగవచ్చు.

ద్వీపమంతటా తిరగడానికి బస్సే చౌక, నా దృష్టిలో అదే ఉత్తమం. టికెట్టు కండక్టరు ఇస్తాడు. జనం మాట్లాడేది క్రియోల్ భాష. 2005 నుండి అక్కడి విద్యార్థులకు, వృద్ధులకు బస్సు ప్రయాణం ఉచితం. అయితే పల్లెలకు పోయే బస్సులు సాయంకాలమే ఆగిపోతాయి. ఆ సంగతి తెలియని యాత్రికుడు చీకటిపడ్డాక టాక్సీవాడు అడిగినంతా ఇవ్వవలసి వస్తుంది. టాక్సీ ఎక్కకముందే బాడుగ మాట్లాడుకోవడం మంచిది. పోర్ట్ లూయీ నుండి క్యూర్‌పిప్ వరకు మెట్రో ఉంది. దానిని మన లార్సెన్ అండ్ టుబ్రో సంస్థ నిర్మించింది. 1956లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయిన ఆ దేశంలో, 2019లో మళ్లీ పట్టాల మీద జనం ప్రయాణించారు. మెట్రో మార్గం చాలావరకు పాత రైలుదారి వెంబడే సాగుతుంది.

ద్వీపం చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు అలల వేగాన్ని అణచివేయడం వలన తీరజలాలు చెరువులా నిలకడగా ఉంటాయి. దక్షిణాన గ్రీ-గ్రీ వద్ద మాత్రం ఆ అడ్డు లేదు. అక్కడ సముద్రాన్ని చూడవలసిందే గాని ఈదరాదు.

ఉత్తరదిక్కుకు పోయే బస్సులు చాలాకాలంగా పోర్ట్ లూయీలోని ఇమ్మిగ్రేషన్ స్క్వేర్ నుండి బయలుదేరుతూ వచ్చాయి. ఆ పేరు ఊరక రాలేదు. 1834 నుండి భారతదేశపు కూలీలు ఒప్పందపత్రాల మీద వచ్చి దిగిన మజిలీ దాని పక్కనే ఉంది. చెరకుతోటల కోసం వచ్చిన వారిలో కోస్తా తీరపు తెలుగువారు ఉన్నారు. వారు ఓడ ఎక్కిన రేవుల్లో కోరంగి ఒకటి. ఆదోని, పత్తికొండ ప్రాంతాల నుండి సుగ్గికి పోయే కూలీలను ఎరిగిన మనకు వలస అనే మాట కొత్తది కాదు. కానీ సుగ్గికి పోయినవాడు తన ఇష్టప్రకారం ఇల్లు చేరగలడు. మారిషస్‌లో ఒప్పందకాలం ముగిసిన కూలీకి కూడా ఆ స్వేచ్ఛ లేకపోయింది. 1867 చట్టం ప్రకారం అతడు తన ఛాయాచిత్రం అంటించిన చీటీని వెంట ఉంచుకోవాలి. వేరొక జిల్లాకు పోవాలంటే పోలీసుల అనుమతి కావాలి. చీటీ లేక పట్టుబడితే దేశదిమ్మరి అని నిర్బంధించేవారు. నేడు బస్సులో గంటలోపు దాటే దూరమది! ఈ అన్యాయాన్ని తెలుపుతూ 1871లో 9,401 మంది అర్జీ పెట్టుకున్నారు. దాని ఫలితంగా బ్రిటిష్ ప్రభుత్వం విచారణ సంఘాన్ని పంపింది.

ఆ కూలీల సంతతి నేటికీ ఉగాదిని జరుపుకుంటున్నది. అది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. 1849లో నిర్మించిన మజిలీలో మిగిలిన భాగమే ఆప్రవాసీ ఘాట్. యునెస్కో 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కూలీలు ఓడ దిగి ఎక్కిన 16 రాతిమెట్లు అక్కడ ఇంకా ఉన్నాయి. ఇమ్మిగ్రేషన్ స్క్వేర్ నుండి అక్కడికి కాలినడకనే పోవచ్చు.