సహకళాకారులకు కౌన్సెలింగు: సమానానుభవము, దాని మేర

రంగస్థలమును వీడిన కళాకారులు తోటి కళాకారుల మనోవ్యథలను విని దారి చూపువారుగా మారుట గత అర్ధశతాబ్దిలో పాశ్చాత్యదేశములందు ఒక వృత్తిగా రూపొందినది. ఆ బాధ పడినవారే ఆ బాధ నెఱుగుదురని లోకము తలంచును. సమానానుభవమే ఈ పనికి చాలిన అర్హత యగునా అను ప్రశ్నను, బాలే నర్తకుల నుదాహరణముగా గొని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

బాలే నర్తకులు బాల్యముననే శిక్షణ నారంభింతురు. దినమున నధికభాగము అభ్యాసమునకే చెల్లును, సామాన్యవిద్య వెనుకబడును, గురువులు, మిత్రులు పెక్కుసారులు ఆ బృందములోనివారే యగుదురు. పారిస్ ఆపెరా బాలేలో విరమణవయస్సు 42 సంవత్సరములు. గాయములచే అంతకు ముందే విరమించువారు కలరు. బౌమల్, జెఫ్రీ, థ్రాస్బీ అనువారు ఆస్ట్రేలియా, స్విట్జర్లండు, అమెరికా దేశముల నర్తకులను గూర్చి జరిపిన పరిశోధనము 2004లో వెలువడినది. తాము నర్తింపగలమని వారు తలంచిన వయస్సు కంటె నిజముగా విరమించిన వయస్సు తక్కువయని అందు తేలినది. అట్టి విరమణతో జీవనాధారము పోవును, 'నే నెవరిని?' అను ప్రశ్నకు బాల్యమునుండి సిద్ధముగా నున్న సమాధానమును పోవును.

ఈ స్థితి నెఱిగి పనికి పూనుకొన్నవారిలో జాయ్‌సాన్ సిడిమస్ ముఖ్యురాలు. ఆమె న్యూయార్క్ సిటీ బాలే, లండన్ ఫెస్టివల్ బాలే, కెనడా నేషనల్ బాలేలలో నర్తించిన విదుషి. 1985లో టొరంటో నగరమున, నృత్యము నుండి వేఱొక జీవితమునకు మరలువారి కొఱకు ఒక కేంద్రమును స్థాపించెను. విద్య, ఉపాధి, ధనము మున్నగు విషయములందును, మనోవ్యథయందును సలహా, క్రొత్తవిద్య నేర్చుటకు ధనసహాయము అచట లభించునట్లు ఏర్పాటు జరిగెను. నృత్యమును వీడిన పలువురితో జరిపిన సంభాషణలను 1987లో ఆమె గ్రంథముగా ప్రకటించెను. సమస్యను గుర్తించుటకును, మౌనముగా నున్నవారిచే మాటాడించుటకును ఆమె అనుభవము తోడ్పడినది. ఆపైని పనికి బహుశాస్త్రజ్ఞానము కావలసివచ్చినది.

లిండా హామిల్టన్ అనుసరించిన మార్గము వేఱు. న్యూయార్క్ సిటీ బాలేలో నర్తకిగా నుండి, మనశ్శాస్త్రము నభ్యసించి, చికిత్సారంగమున ప్రవేశించెను. డాన్స్ మ్యాగజైన్ పత్రికలో నర్తకుల ప్రశ్నలకు సమాధానములు వ్రాసెను. 1998లో వారికై ఒక సలహాగ్రంథమును వెలువరించెను. అనుభవమునకు శాస్త్రమును జోడించుటయే ఈమె మార్గము.

గురువు చేయు హితోపదేశమునకును కౌన్సెలింగునకును గల భేద మిచట గమనింపదగినది. గురువు 'ఇట్లు చేయుము' అనును. కౌన్సెలింగు చేయువాడు ఎదుటివాని నిర్ణయము ఎదుటివానిలోనే రూపొందునట్లు తోడ్పడును. మోకాటిగాయముతో వచ్చిన నర్తకి 'నేను మానవలయునా?' అని యడిగిన దనుకొందము. తాను మాని సుఖించినవాడు 'మానుము' అనును. మాని పశ్చాత్తప్తుడైనవాడు 'మానకుము' అనును. ఇరువురును తమ ప్రశ్నకే సమాధానము చెప్పుకొనుచున్నారు. ఆమె ప్రశ్న అట్లే మిగిలియున్నది.

ఈ దోషమునకు మన అలంకారశాస్త్రమున చక్కని పేరు కలదు. అభినవగుప్తుడు అభినవభారతియందు చెప్పిన ఏడు రసవిఘ్నములలో 'నిజసుఖాదివివశీభావ' మొకటి. తన సుఖదుఃఖములకు వశుడైన ప్రేక్షకుని మనస్సు ఎదుటి నాట్యమున నిలువజాలదు. రంగము దిగి వినువాని స్థానమున గూర్చున్న నటునికిని ఇదియే విఘ్నము. అయితే పోలిక ఇంతవఱకే. రసాస్వాదమున సాధారణీకరణము వైయక్తిక భేదములను తొలగించును. కౌన్సెలింగున నెదుటివాని విశేషమును చెదరనీయరాదు. 'అందఱి కథయు నింతే' అనుట ఓదార్పువలె వినబడినను, అది వినుట మానివేయుటయే.

కావుననే ఈ వృత్తికి శాస్త్రశిక్షణ, అనుభవజ్ఞుల పర్యవేక్షణ, రహస్యరక్షణ ఆవశ్యకములు. కళాలోకము చిన్నది, నేటి సలహాదారుడు రేపు పాత్రలను పంచువాడు కావచ్చును. తన శిష్యులకును, తాను పాత్రల నొసగవలసినవారికిని ఈ పని తాను చేయరాదు. తీవ్రవిషాదము, ఆత్మహత్యాచింత, ఆహారవైముఖ్యము కన్పట్టినచో వెంటనే వైద్యుని చెంతకు పంపవలెను.

రంగస్థలజీవితము వ్యర్థమని దీని భావము కాదు. శ్వాసలోని మార్పును, భుజముల బిగువును పసిగట్టు చూపు, దిద్దుబాటును సహించు అలవాటు ఈ వృత్తియందును గొప్ప మూలధనములు. సమానానుభవము తలుపు తెఱచును. లోనికి వచ్చినవాని మాట తుదవఱకు వినుటకు మాత్రము వేఱు సాధన కావలెను. రంగముపై తన కంఠమును వినిపించుటకై ఏండ్లు శ్రమించిన కళాకారునికి, తన కథను ప్రక్కకు పెట్టుటయే ఆ సాధనలో కఠినమైన భాగము.