హలాల్ గుర్తు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సింగపూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు మొదటి వారంలోనే అలవాటయ్యే చోటు, ఇంటి కింది ఫుడ్‌కోర్టు. ఆ దేశంలో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే ఉంటారు. ఆ భవనాల కింద, కూరగాయల మార్కెట్ పైన, ఎమ్మార్టీ (మెట్రో) స్టేషన్ పక్కన హాకర్ సెంటర్లు, కాఫీషాపులు, ఏసీ ఫుడ్‌కోర్టులు ఉంటాయి. రోజూ బయట కలిసి తినే ఈ సంస్కృతికి 2020 డిసెంబరులో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. వీటిలో కొన్ని పూర్తిగా హలాల్, అంటే ఇస్లాం నియమాలు అనుమతించిన తిండే అమ్ముతాయి. బోర్డు చూడగానే పెద్దవాళ్లు ఒక్క క్షణం ఆగి, “ఇక్కడ మనం తినొచ్చా నాన్నా?” అని అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. ఆ ప్రశ్నకు ఇంట్లో, వాట్సాప్‌లో దొరికే జవాబుల్లోనే చాలా పొరపాట్లున్నాయి.

అపోహ: అది ముస్లింలు మాత్రమే తినే చోటు

2020 జనాభా లెక్కల ప్రకారం సింగపూర్‌లో పదిహేనేళ్లు, ఆపై వయసున్న నివాసుల్లో ముస్లింలు 15.6 శాతం. మధ్యాహ్నం పన్నెండున్నరకు పేటలోని హలాల్ ఫుడ్‌కోర్టుకు వెళ్లి చూడండి, చైనీయులు, మలయ్‌లు, తమిళులు, ఫిలిప్పీన్స్ వాళ్లు ఒకే బల్ల దగ్గర కనిపిస్తారు. ఆరుగురు ఆఫీసు మిత్రుల్లో ఒకరు ముస్లిం అయితే ఆరుగురూ హలాల్ చోటికే నడుస్తారు, అందరూ కలిసి తినగలిగేది అక్కడే కనుక. వంటలు కూడా బిర్యానీ, కబాబులతో ఆగవు. హైనాన్ చికెన్‌రైస్, యోంగ్ తౌ ఫూ లాంటి చైనా మూలాలున్న వంటలు, లక్సా, ఇండోనేసియా ఆయమ్ పెన్యెట్, నాసి పడాంగ్, తమిళ ముస్లింల ప్రాటా, చివరికి ఫిష్ అండ్ చిప్స్ దాకా అన్నీ హలాల్‌గా దొరుకుతాయి. మద్యం మాత్రం ఉండదు. పిల్లలతో వెళ్లే కొన్ని కుటుంబాలు వీటిని అందుకే ఇష్టపడతాయి.

ఇరానీ హోటల్లో చాయ్ తాగి, రంజాన్ నెలలో హలీం కోసం బారులు తీరే హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్త సంగతి కానే కాదు.

అపోహ: అక్కడ అన్నం, కూర అన్నిటి మీదా మంత్రం చదువుతారు, అది వేరే దేవుడికి నైవేద్యం పెట్టిన తిండి

మన పెద్దవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టే అనుమానం ఇదే. నైవేద్యం, ప్రసాదం మనకు తెలిసిన పద్ధతులు కాబట్టి హలాల్‌ను కూడా అలాగే ఊహించుకుంటాం. నిజానికి భగవన్నామం పలికేది జంతువునో కోడినో కోసేటప్పుడు మాత్రమే. ప్రాణంతో ఉన్న జీవిని పదునైన కత్తితో గొంతు దగ్గర కోస్తూ, కోసే మనిషి ‘బిస్మిల్లా, అల్లాహు అక్బర్’ అంటాడు. ఒక ప్రాణం తీస్తున్నప్పుడు సృష్టికర్త పేరు తలవకుండా తీయకూడదన్నది అందులోని నియమం. వండేటప్పుడు, వడ్డించేటప్పుడు దుకాణంలో ఎవరూ ఏ తంతూ జరపరు. అన్నం మీద, కూరగాయల మీద, చేప మీద చదివేదేమీ లేదు. బలిగా అర్పించే సందర్భాలు ఇస్లాంలో వేరే ఉన్నాయి. బక్రీద్ నాటి ఖుర్బానీ, బిడ్డ పుట్టినప్పుడు చేసే అఖీఖా అలాంటివి. రోజూ అంగట్లో అమ్మే మాంసం వాటి కిందికి రాదు.

మన ఊళ్లను గుర్తు చేసుకున్నా చాలు. తెలంగాణ పల్లెల్లో పండక్కో పెళ్లికో యాటను కోయాలంటే ముల్లాసాబుకు కబురు పంపడం చాలా చోట్ల ఆనవాయితీ, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. వచ్చే చుట్టాల్లో, స్నేహితుల్లో ముస్లింలు కూడా ఉంటారు, వాళ్లూ కడుపు నిండా తినాలన్నది ఆ ఇంటివాళ్ల ఆలోచన. ఆ ఏర్పాటులో ఉన్న మర్యాద నాకు చాలా గొప్పదనిపిస్తుంది.

అయితే, తమ ఆచారం ప్రకారం హలాల్ మాంసం తినని వాళ్లున్నారు. సిక్కుల రెహత్ మర్యాద దీన్ని స్పష్టంగా నిషేధిస్తుంది. ఒక్క వేటుతో నరికిన ఝట్కా మాంసమే తినే హిందువులూ ఉన్నారు. అది వాళ్ల నియమం, దాన్ని గౌరవించాల్సిందే. తెలియక భయపడటం వేరు, తెలిసి మానుకోవడం వేరు.

అపోహ: హలాల్ అంటే జంతువును హింసించి చంపడం

కత్తి పదునుగా ఉండాలని, దాన్ని జంతువు కళ్ల ముందు నూరకూడదని, ఒక జీవి చూస్తుండగా మరొకదాన్ని కోయకూడదని ఇస్లామిక్ నియమాలే చెబుతాయి. కోసే ముందు స్పృహ తప్పించడం హలాల్‌లో కుదరదనుకోవడం కూడా సరికాదు. సింగపూర్‌కు మాంసం పంపే దేశాల్లో ఒకటైన న్యూజిలాండ్‌లో, హలాల్‌తో సహా వ్యాపారానికి కోసే జంతువులన్నిటికీ ముందు స్పృహ తప్పించాలన్నది చట్టం. జంతువు ప్రాణం పోకుండా, స్పృహ మాత్రమే పోయే పద్ధతిని అక్కడి ముస్లిం సంస్థలు ఒప్పుకున్నాయి. అలా చేయకుండా కోసే చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. దాని మీద ఆందోళనకు ఆధారమూ ఉంది. 2009లో న్యూజిలాండ్‌లోని మాస్సీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దూడల మెదడు సంకేతాలను పరిశీలించి, స్పృహ తప్పించకుండా గొంతు కోసినప్పుడు నొప్పి సంకేతాలు కనిపిస్తాయని ప్రచురించారు. కాబట్టి జీవకారుణ్యం ఉన్నవాళ్లు అడగాల్సింది ఆ కబేళాలో స్పృహ తప్పిస్తున్నారా లేదా అని. ఆ ప్రశ్న ఏ మతం వాళ్ల కబేళాకైనా వర్తిస్తుంది.

అపోహ: పంది మాంసం లేకపోతే హలాల్ అయినట్టే

మనవాళ్లు ముస్లిం స్నేహితులను భోజనానికి తీసుకెళ్లేటప్పుడు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సింగపూర్‌లో చాలా దుకాణాల మీద ‘నో పోర్క్, నో లార్డ్’ అని రాసి ఉంటుంది. పంది మాంసం, పంది కొవ్వు వాడటం లేదన్నంతవరకే ఆ మాటకు అర్థం. కోడిని ఎలా కోశారో, వేపుడులో షావోసింగ్ అనే చైనా బియ్యపు మద్యం పోశారో, జెల్లీలోని జెలటిన్ ఏ జంతువుదో, కేకులో రమ్ సువాసన కలిపారో ఆ బోర్డు చెప్పదు. పిండివంటల మీద నూనె పూసే కుంచె పంది వెంట్రుకలదైనా సమస్యే. సోయాసాస్, వినెగర్ లాంటివి పులిసినప్పుడు సహజంగా పుట్టే అతి స్వల్ప ఆల్కహాల్‌ను మాత్రం మద్యంగా లెక్కించరు.

సింగపూర్‌లో హలాల్ ధ్రువపత్రం ఇచ్చేది ముయిస్, అంటే 1968లో చట్టం ద్వారా ఏర్పడిన ఇస్లామిక్ మతమండలి. 1978 నుంచి ఆ పని చేస్తోంది. అనుమతి లేకుండా ఆ గుర్తు పెట్టుకుంటే పదివేల సింగపూర్ డాలర్ల వరకు జరిమానా, పన్నెండు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. పత్రం ఒక్కో దుకాణానికి విడిగా ఇస్తారు. దాని మీద చిరునామా, గడువు తేదీ ఉంటాయి. ఒకే పేరున్న హోటల్‌కు ఒక పేటలో పత్రం ఉండి మరో పేటలో లేకపోవచ్చు.

యజమాని ముస్లిం కావాలన్న షరతు లేదు. పెట్టుబడి ఎవరిదైనా వంటింట్లో ముస్లిం సిబ్బంది ఉండి, సరుకుల మూలం నుంచి పాత్రల దాకా నియమాలు పాటిస్తే పత్రం వస్తుంది. మెక్‌డొనాల్డ్స్ అక్కడ 1992 నుంచి హలాల్ పత్రంతోనే నడుస్తోంది. మరోపక్క, పత్రం తీసుకోవడం తప్పనిసరి కాదు కాబట్టి తరాలుగా నాసి లెమాక్ అమ్ముతున్న మలయ్ కుటుంబం దగ్గర ఆ గుర్తు కనిపించకపోవచ్చు. చుట్టుపక్కల ముస్లింలు నిశ్చింతగా అక్కడ తింటూనే ఉంటారు.

అన్నీ కలిసిన హాకర్ సెంటర్‌లో మనం గుర్తుంచుకోవాల్సిన మర్యాద ఒకటుంది. హలాల్ దుకాణాల ట్రేలు, పళ్లేల రంగు వేరు, తిన్నాక పెట్టే అరలూ వేరు. 2021 సెప్టెంబరు 1 నుంచి హాకర్ సెంటర్లలో, 2022 జనవరి 1 నుంచి కాఫీషాపులు, ఫుడ్‌కోర్టుల్లో ట్రే తిరిగి పెట్టకపోతే మొదట హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల జరిమానా. పెట్టేటప్పుడు ఏ అరలో పెడుతున్నామో చూసుకోవాలి. పంది మాంసం తిన్న పళ్లేన్ని హలాల్ అరలో పెడితే ముస్లింలకు అది చిన్న విషయం కాదు.

అపోహ: కూరగాయల వంటకం తీసుకుంటే శాకాహారం అయినట్టే

అమ్మానాన్నలు శాకాహారులైతే ఈ ఒక్క భాగం రెండుసార్లు చదవండి. హలాల్ గుర్తుకూ నీచు తగలకపోవడానికీ ఏ సంబంధమూ లేదు. మలయ్ వంటకు ప్రాణం సంబల్ కారం. ఎండుమిర్చితో పాటు బెలచాన్ వేసి నూరుతారు, అది పులియబెట్టిన రొయ్యల ముద్ద. నాసి లెమాక్‌లోని కొబ్బరిపాల అన్నం చూడ్డానికి నోరూరిస్తుంది, పక్కనే వేయించిన నెత్తళ్లు ఉంటాయి. ‘కాంగ్‌కోంగ్’ అనే ఆకుకూర మన తూటికూరే, దాన్నీ ఎక్కువగా బెలచాన్‌తోనే వేపుతారు. కూరగాయల సాయుర్ లోడెలో ఎండురొయ్యలు పడతాయి. ప్రాటాతో ఇచ్చే పులుసు చేపలదో మటన్‌దో కావచ్చు. పప్పు అడిగినా ఒక్కోచోట మాంసం ఎముకలతో కాచిన దాల్చా వస్తుంది.

గొడ్డు మాంసం తినని వాళ్లూ జాగ్రత్తపడాలి. రెండాంగ్, ముర్తబాక్, నూడుల్స్ మీది ఉండలు గొడ్డు మాంసంవి కావడం అక్కడ మామూలే. మెనూలో ‘దాగింగ్’ అని ఉంటే చాలావరకు అదే. ఆయమ్ అంటే కోడి, కంబింగ్ అంటే మేక, ఇకాన్ చేప, ఉడాంగ్ రొయ్య, సోతోంగ్ స్క్విడ్. ఈ అరడజను మాటలు రాసి పెద్దవాళ్ల చేతికిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. దుకాణదారులను మొహమాటపడకుండా అడగండి. తిండి నియమాలున్న మనిషి బాధ వాళ్లకు బాగా తెలుసు, విసుక్కోకుండా చెబుతారు. కచ్చితమైన శాకాహారులకు మాత్రం లిటిల్ ఇండియాలోని శాకాహార హోటళ్లో, చైనీస్ బౌద్ధుల శాకాహార దుకాణాలో మేలు.

అపోహ: హలాల్ మాంసం ఎక్కువ శుభ్రం, ఆరోగ్యానికి మంచిది

రక్తం మొత్తం పోతుంది కాబట్టి రోగాలు రావని కొందరు ముస్లిం మిత్రులే నమ్మకంగా చెబుతుంటారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గొర్రెలు, పశువుల మీద పరిశీలించినప్పుడు, స్పృహ తప్పించి కోసినా తప్పించకుండా కోసినా కారే రక్తంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాంసంలో కనిపించే ఎర్రటి నీరు చాలావరకు మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది. ఇక శుభ్రత సంగతి చూసేది 2019లో ఏర్పడిన సింగపూర్ ఆహార సంస్థ. హలాల్ అయినా కాకపోయినా దుకాణాలన్నిటికీ లైసెన్సు, తనిఖీ ఒకటే. నూనె, ఉప్పు, చక్కెర హలాల్ అయినంత మాత్రాన తగ్గవు. తే తారిక్ అనే టీలో చిక్కబెట్టిన తీపి పాలు పోస్తారు. మధుమేహం ఉన్న నాన్నగారికి ‘తే ఓ కొసోంగ్’ అడగండి, పాలూ చక్కెరా లేని టీ వస్తుంది.

అపోహ: ముస్లింలందరికీ ఒకే నియమం

మలయ్‌లు ఎక్కువగా ఇస్లామిక్ ధర్మశాస్త్రంలోని షాఫీ సంప్రదాయం వాళ్లు, సముద్ర జీవులన్నీ తింటారు. హైదరాబాద్ ముస్లింలలో ఎక్కువమంది హనఫీ సంప్రదాయం వాళ్లు, వాళ్లలో పీత, స్క్విడ్ తినని వాళ్లు చాలామంది. అందుకే మీ వెంట వచ్చిన హైదరాబాద్ స్నేహితుడు హలాల్ ఫుడ్‌కోర్టులోనే ఒక వంటకాన్ని పక్కకు జరిపితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అపోహ: రంజాన్ నెలలో అవి మూసే ఉంటాయి

కొన్ని దుకాణాలు పగలు మూసి సాయంత్రం తెరుస్తాయి, చాలా చోట్ల మామూలుగానే నడుస్తాయి. ఇతరులు పగలు తినడానికి అడ్డేమీ లేదు. చూసుకోవాల్సింది సాయంత్రం వేళ. సింగపూర్‌లో ఏడు గంటల ప్రాంతంలో పొద్దుగూకుతుంది. ఆరున్నర నుంచే ఉపవాసం ఉన్న కుటుంబాలు పళ్లేలు ముందు పెట్టుకుని అజాన్ కోసం ఎదురుచూస్తుంటాయి. ఆ అరగంటలో బల్లలు ఆక్రమించకుండా ఆరింటికే తినేసి లేవండి, లేదా ఎనిమిది దాటాక వెళ్లండి. అప్పటికి చాలామంది రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజుకు మసీదుకు బయల్దేరతారు, చోటు దొరుకుతుంది.