ఆపమంటే ఆగే గొంతు

కీబోర్డు మూలన ఉండే కంట్రోల్ మీట మనకు కాపీ, పేస్టులకు పనికొస్తుంది. చూపు లేనివారికి దానితో ఇంకో పని ఉంది: నోరు మూయించడం. తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్లు దాదాపు అన్నీ ఆ మీట నొక్కగానే చటుక్కున ఆగిపోతాయి. యంత్రం చేత మాట్లాడించడమే గొప్ప అనుకుంటాం. ఈ యంత్రం కథ చూస్తే మాత్రం, దాన్ని ఎంత వేగంగా, ఎంత గట్టిగా, ఏ చెవిలో మాట్లాడనివ్వాలన్నదే పెద్ద తిప్పలుగా కనిపిస్తుంది.

ఇలాంటి తొలి సాధనాల్లో ఒకటి పుట్టింది ఐబీఎంలో. జిమ్ థాచర్ గణితవేత్త. ఆయనకు పీహెచ్‌డీలో గురువైన జెస్సీ రైట్‌కు చూపు లేదు. తర్వాత ఇద్దరూ ఐబీఎంలోనే పనిచేశారు. 1980ల్లో వాళ్లు చేసిన పనే ‘ఐబీఎం స్క్రీన్ రీడర్’గా బయటికొచ్చింది. ఒక్క సరుకు పేరు మొత్తం జాతికి పేరైపోయింది, మనకు జెరాక్స్ అయినట్టే. అప్పటి డాస్ తెర సాదాసీదాది. 25 వరసలు, వరసకు 80 అక్షరాలు. అవి మెమరీలో కూడా అక్షరాలుగానే ఉండేవి కనుక, తీసి చదవడం అంత కష్టం కాలేదు.

చదివే గొంతు మాత్రం కంప్యూటరులో ఉండేది కాదు. వైరుతో తగిలించిన వేరే పెట్టెలో ఉండేది. వాటిలో పేరుమోసింది 1984 నాటి డెక్‌టాక్. దాని వెనక ఉన్నది ఎంఐటీ శాస్త్రవేత్త డెన్నిస్ క్లాట్. ఆయన మాటల్ని రికార్డు చేసి అతికించలేదు. గొంతులో పుట్టిన శబ్దం నోటి ఆకారాన్ని బట్టి ఎలా రంగు మారుతుందో లెక్కగట్టి, ఆ లెక్కతోనే అచ్చులూ హల్లులూ పుట్టించాడు. అందులో ‘పర్ఫెక్ట్ పాల్’ అనే గొంతుకు తన గొంతునే నమూనాగా పెట్టుకున్నాడు. ఆ ఏళ్లలోనే జబ్బు చేసి ఆయన అసలు గొంతు క్షీణిస్తూ వచ్చింది. 1988లో పోయాడు. స్టీఫెన్ హాకింగ్ గొంతుగా లోకం విన్నది ఆ వంశానిదే.

ఇలాంటి గొంతులు వింటే మనకు నవ్వొస్తుంది. రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టుంటుంది. మనిషిలా పలికే గొంతులు ఇన్ని వచ్చాక కూడా చాలామంది ఆ రేకు గొంతును వదలరు, కారణం వేగం. ఇంగ్లీషు మామూలు మాట నిమిషానికి సుమారు 150 పదాలు. అలవాటుపడ్డ చెవి 300, 400 దాకా పోతుంది. అంత ఉరుకులో తియ్యటి గొంతు చిక్కటి జావలా కలిసిపోతే, రేకు గొంతులో ప్రతి అక్షరం విడిగా నిలబడుతుంది. పైగా మీట నొక్కీ నొక్కగానే పలుకుతుంది. కన్ను ఒక్క చూపులో పేజీని తడిమేస్తే, చెవి ఆ పనిని వేగంతోనే చెయ్యాలి మరి.

విండోస్ రాగానే అక్షరాలు బొమ్మలైపోయాయి. తెర మీద గీస్తున్నదాన్ని దారిలోనే పట్టుకుని లోపల ఒక నకలు తెర కట్టుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో నిలదొక్కుకున్న స్క్రీన్ రీడర్ జాస్. దాని సృష్టికర్త టెడ్ హెంటర్ మోటారుసైకిల్ పందేల వీరుడు, 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. 1989లో డాస్ కోసం మొదటి జాస్ తెచ్చాడు. ఖరీదైన సరుకే అది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితం. తర్వాత ఆయనతో కలిసిన జేమ్స్ టే చిన్నప్పుడు సంగీత శిబిరంలో పరిచయమైనవాడే. ఇద్దరికీ చూపు లేదు.

పెట్టె పోయి గొంతు సౌండ్ కార్డులోకి వచ్చాక కొత్త తగాదా మొదలైంది. పాటా, వీడియోకాల్, స్క్రీన్ రీడర్ అన్నీ ఒకే స్పీకరులో. పెళ్లి మైకులో పురోహితుడూ బాజాలూ కలిసిపోయినట్టు. ఎన్‌వీడీఏ ఆడియో సెట్టింగుల్లో కొన్ని ఈ తగాదా తీర్చేవే. తను నోరు విప్పినప్పుడు మిగతా చప్పుళ్లు తగ్గేలా పెట్టుకోవచ్చు. 2024లో ఇంకో సదుపాయం వచ్చింది: గొంతు ఒక చెవికి, మిగతావన్నీ రెండో చెవికి. జూమ్ మీటింగులో ఉండి నోట్సు చూసుకునేవారికి ఇది వరం.

మాటలు కాని శబ్దాలూ ఉన్నాయి. ఏదైనా డౌన్‌లోడ్ అవుతుంటే ‘బీప్’లు ఒకదానికంటే ఒకటి సన్నబడుతూ పైకి పోతాయి. కొళాయి కింద బిందె నిండుతుంటే చూడక్కర్లేదు, చప్పుడే చెబుతుంది కదా, అలాగే. ఇంగ్లీషు పెద్దక్షరం వస్తే గొంతు శ్రుతి పెరుగుతుంది. తెలుగుకు ఆ బాధ లేదు. మన బాధ వేరే. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు చదువుతుంది గానీ, పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైలు ఇస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు గడగడా అప్పజెబుతుంది. తప్పు దానిది కాదు. ఆ ఫైళ్లకు పైకి తెలుగు వేషం, లోపల ఇంగ్లీషు సంకేతాలు.

ఓసారి నేను చూపు లేని ఒక మిత్రుడి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఫోన్ వస్తే మ్యూట్ నొక్కి, అలాగే మరిచి లేచొచ్చాను. తెర వెలుగుతూనే ఉంది, నాకు అంతా బాగానే ఉన్నట్టు. ఆయనకు మాత్రం కంప్యూటరు చచ్చిపోయింది. వైరు చూశాడు, బ్యాటరీ చూశాడు, రెండుసార్లు ఆపి మళ్లీ వేశాడు. అరగంటకు పక్కింటి పిల్లాడు వచ్చి చెప్పాడట. ఇప్పుడు ఆయన మ్యూట్ మీట మీద ఒక స్టిక్కర్ బొట్టు ఉంటుంది, వేలికి తగిలేటట్టు.