మాటల్లేని పాట

కోఠీ గుజరాతీ గల్లీలో, స్పీకర్లూ వైర్లూ అమ్మే అంగళ్ళ నడుమ, ఇళయరాజా అభిమానులు ఇద్దరు తారసపడితే చాలు. ఇక తగవు మొదలు. 'హౌ టు నేమ్ ఇట్?' గొప్పదా, కాదా?

1986లో వెలువడిన ఈ వాద్యసంగీత ఆల్బమ్‌ను ఆయన ఇద్దరికి అంకితమిచ్చారు. ఒకరు మన త్యాగయ్య, రెండోవారు జర్మనీ దేశపు బాఖ్. బాఖ్ కన్నుమూసిన (1750) పదిహేడేళ్ళకు గాని త్యాగయ్య పుట్టలేదు. కాలం కలపని ఆ ఇద్దరినీ వి.ఎస్. నరసింహన్ వయొలిన్ కలిపింది.

మా కాలేజీలో లెక్కల మాష్టారు దీన్ని నెత్తిన పెట్టుకుంటారు. "సాగర సంగమం (1983), రుద్రవీణ (1988) జాతీయ బహుమతులు తెచ్చాయి. నడుమ వచ్చిన దీన్ని మన ఇళ్ళల్లో తలచేవారేరీ? హీరో లేడనే గదండీ!" అని ఆయన బాధ.

"ఒకచోట బాఖ్ రచననే వాయించారు. అరువు సొమ్ముతో నగలా? పైగా మాట లేని పాట ఉప్పులేని పప్పండీ!" అంటారు చరిత్ర మేడమ్ గారు.

తీర్పు నా మీద పడింది. తెలుగు పాఠం చెప్పి బ్రతికేవాణ్ణి. మాట అక్కరలేదంటే నా కూటి మాటేమిటి? అయినా నిజం చెప్పాలి. తెలుగు రాని తమిళులెందరో తరతరాలుగా త్యాగయ్యను నాదంగానే విని కళ్ళు చెమర్చుకోవడం లేదూ? అప్పగింతల వేళ సన్నాయి ఏ మాట చెప్పి మనల్ని ఏడిపిస్తోంది? ఇక అరువంటారా, తెచ్చిన చోటు దాచకుండా అంకితమిచ్చినవాడు అప్పు తీర్చినట్టే!

పిల్లలు పడుకున్నాక ఒక రాత్రి వినండి. ఏమని పేరు పెట్టాలో మీరే చెబుదురు గాని.